రెండెకరాల రైతుకూ వీలునామా కావాలి

దీపం ఉండగానే ఇల్లు చక్కదిద్దుకోవాలన్నారు పెద్దలు. పొలం సంగతీ అంతే.

అదను దాటిపోతోంది. చుట్టుపక్కల చేలల్లో పత్తి మొలకెత్తి రెండాకులు వేసింది. మధ్యలో రెండెకరాల చెలక మాత్రం పోయినేడాది కట్టెతో అలాగే పడి ఉంది. బోరు మోటారు డబ్బాకు తాళం వేసి ఉంది. ఎవరిదని అడిగితే పక్క చేను రైతు చెప్పే జవాబు ఒక్కటే. 'ఆసామి సచ్చిపోయిండు సారూ. అన్నదమ్ములకు పొత్తు కుదరలే. కేసుల పడ్డది.'

ఇలాంటి చెలకలు మన జిల్లాలో ఏ మండలానికి వెళ్లినా కనిపిస్తాయి. ఆ భూమిని సంపాదించిన రైతు చేతగానివాడేమీ కాదు. ఒకటికి మూడు బోర్లు వేయించి నీళ్లు చూశాడు. ఆడపిల్ల పెళ్లి చేశాడు. కొడుకులను చదివించాడు. చేయనిది ఒక్కటే. తన తర్వాత ఏది ఎవరికో కాగితం మీద పెట్టలేదు. 'మనకేమన్న జాగీర్లున్నయా రాసుకోవడానికి? ఉన్న రెండెకరాలు పిల్లలే పంచుకుంటరు' అనుకున్నాడు.

వీలునామాలు, పంపకాల కాగితాలు పెద్ద ఆసాములకేనని చాలామంది చిన్న రైతుల నమ్మకం. అసలు సంగతి దీనికి తలకిందులుగా ఉంది. యాభై ఎకరాలున్నవాడు కోర్టు ఖర్చులకు అయిదెకరాలు అమ్ముకున్నా నలభై అయిదు మిగులుతాయి. రెండెకరాలున్నవాడు అర ఎకరం అమ్ముకుంటే ఇల్లు గడవదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ప్రతి వంద కమతాల్లో 86 రెండు హెక్టార్లకు, అంటే సుమారు అయిదెకరాలకు, లోపువే. పంపకాల తగాదా వస్తే తట్టుకోలేని కుటుంబాలే ఎక్కువన్నమాట. అందుకే భూమి ఎంత తక్కువైతే రాత అంత అవసరం.

రాయకపోతే ఏమవుతుంది?

వీలునామా రాయకుండా రైతు కన్నుమూస్తే భూమి ఎవరికి పోవాలో చట్టమే చెబుతుంది. హిందూ కుటుంబాలకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. మగవాడు చనిపోతే అతని భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి వరుస వారసులు. అందరికీ సమాన వాటా. తండ్రి బతికి ఉన్నా ఈ వరుసలో ఆయన రాడు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఒక లెక్క చూద్దాం. ఒక రైతుకు స్వార్జితం రెండెకరాలు, అంటే 80 గుంటలు ఉంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ముసలి తల్లి ఉన్నారు. రైతు వీలునామా లేకుండా పోయాడు. అయిదుగురికీ తలా 16 గుంటలు. ఇంతవరకు బాగానే ఉంది. నాలుగేళ్ల తర్వాత తల్లి కూడా కాలం చేసింది. ఆమె పేర వచ్చిన 16 గుంటలు ఎవరివి? మనవళ్లవే కదా అనుకుంటాం. కాదు. అవి ఆమె పిల్లలందరివీ. చనిపోయిన రైతుకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉంటే, ఆ 16 గుంటలు మూడు భాగాలవుతాయి. తమ్ముడికొకటి, చెల్లెలికొకటి, చనిపోయిన రైతు పిల్లలందరికీ కలిపి ఒకటి. భాగానికి అయిదు గుంటల పైచిల్లర. అన్న కష్టపడి కొన్న భూమిలోకి అనుకోకుండా తమ్ముడి గెట్టు వచ్చి పడుతుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. చట్టం ప్రకారం జరిగిందే. కానీ ఆ రైతు కోరుకున్నది ఇదేనా? కాకపోతే బతికుండగా ఒక కాగితం మీద రాసి ఉండాల్సింది.

ముస్లిం కుటుంబాల్లో వాటాల లెక్క వేరు. వారు వీలునామాతో ఇవ్వగలిగింది సాధారణంగా ఆస్తిలో మూడో వంతే. వారసుల్లో ఒకరికే రాయాలంటే మిగతా వారసుల సమ్మతి ఉండాలి. క్రైస్తవ కుటుంబాల్లో భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగతా రెండు వంతులు వస్తాయి. షెడ్యూల్డ్ తెగల వారికి హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు. వారి ఆచారం చూడాల్సి ఉంటుంది. ఎవరికి వారు తమకు వర్తించే పద్ధతి కనుక్కుని ముందుకు పోవాలి.

స్వార్జితమా, పిత్రార్జితమా?

వీలునామాకు కూర్చునే ముందు తేల్చుకోవాల్సింది ఇది. తాను కొన్నది, తనకు దానంగా గానీ వీలునామాతో గానీ వచ్చింది అయితే దాన్ని తన ఇష్టం వచ్చినవారికి రాయవచ్చు. తాతముత్తాతల నుంచి పంపకం కాకుండా ఉమ్మడిగా వస్తున్న భూమి అయితే అందులో పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. అలాంటి భూమిలో తన వాటా మేరకే వీలునామా చెల్లుతుంది. మొత్తం భూమికీ రాసి పెడితే ఆ వీలునామాయే కొత్త తగాదాకు విత్తనం అవుతుంది.

తండ్రి స్వార్జితం 1956 తర్వాత ఈ చట్టం కింద కొడుకు వాటాకు వస్తే అది కొడుకు సొంతమేనని కోర్టులు చెప్పాయి. 'నాయిన దగ్గర్నుంచి వచ్చిందంతా పిత్రార్జితమే' అని ఊళ్లో అనుకునే మాట అన్నిసార్లూ నిజం కాదు. పాత దస్తావేజు, పహాణీలు తీసుకుని ఒకసారి న్యాయవాదికి చూపించుకోవడం మంచిది.

ఇక సాదాబైనామా మీద కొన్న భూములు. తెల్ల కాగితం మీద రాయించుకుని ఏళ్ల తరబడి దున్నుకుంటున్నా రికార్డులో పేరు అమ్మినవాడిదే ఉంటే, అది వీలునామాతో చక్కబడదు. అమ్మినవాడు, కొన్నవాడు, సాక్షులు బతికి ఉండగానే దాన్ని రికార్డుకు ఎక్కించుకునే ప్రయత్నం చేయాలి. వారు పోయాక వారి పిల్లలు 'మాకు తెలియదు' అంటారు. లావణి పట్టా భూములు వారసులకు వస్తాయి గానీ, వాటిని అమ్మడాన్ని, దానం ఇవ్వడాన్ని 1977 చట్టం నిషేధించింది. అలాంటి భూమి ఉన్నవారు ఏ కాగితమూ రాయకముందే తహసీల్దారు కార్యాలయంలో విచారించుకోవాలి.

ఆడపిల్ల వాటా మాటేమిటి?

తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో పాటు కూతుళ్లకూ సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతో గానీ, కోర్టు డిక్రీతో గానీ పంపకం అయిపోయి ఉంటే దాన్ని కదపరు.

'పెళ్లికి కట్నం ఇచ్చినం, ఇంకేం వాటా?' అనే మాట కోర్టులో నిలవదు. కట్నంతో వాటా తీరదు. పసుపు కుంకుమల కింద అర ఎకరం ఇచ్చామని నోటిమాటగా చెప్పుకునే కుటుంబాలూ ఉన్నాయి. అది అల్లుడికి తెలుసు, ఊరికి తెలుసు. రికార్డుకు మాత్రం తెలియదు. ఇచ్చింది నిజమైతే రిజిస్టరు చేయించండి. ఆడపిల్ల తన వాటా అన్నదమ్ములకు మనస్ఫూర్తిగా వదులుకుంటానంటే అదీ రిజిస్టరు పత్రంతోనే జరగాలి. రాఖీ పండగ నాడు అన్న మాట పదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

పాస్‌పుస్తకం ఆగితే అన్నీ ఆగుతాయి

వెనకటి కాలంలో తండ్రి పేర పట్టా ఉండగానే కొడుకులు దున్నుకునేవారు. ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడలా కుదరదు. రైతుకు వచ్చే ప్రతిదీ పట్టాదారు పాస్‌పుస్తకానికి ముడిపడి ఉంది. పంట పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలో పడుతుంది. బ్యాంకులో పంట రుణానికి పాస్‌పుస్తకం అడుగుతారు. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కింద 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తాయి.

ఇక్కడొక ప్రమాదం ఉంది, గమనించండి. తండ్రి పోయి మూడేళ్లయింది. అన్నదమ్ముల మధ్య మాట కుదరక పట్టా ఇంకా తండ్రి పేరే ఉంది. సేద్యం చేస్తున్న కొడుకు వయసు 40. ఒక రాత్రి మోటారు పెట్టబోయి కరెంటు షాకుతో పోయాడు. అతని పేర గుంట భూమి కూడా రికార్డులో లేదు కాబట్టి అతను బీమా లెక్కలో రైతు కాడు. అతని భార్యకు ఆ 5 లక్షలు రావు. అదే ఫౌతి అయి, ఒక్క గుంట అతని పేర ఎక్కి, బీమాలో పేరు నమోదై ఉంటే వచ్చేవి. అన్నదమ్ముల పంతం ఖరీదు ఆ ఇల్లాలు కట్టాల్సి వచ్చింది.

పీఎం కిసాన్‌కు కూడా భూమి పేర ఉండాల్సిందే. 2019 ఫిబ్రవరి 1ని కేంద్రం కటాఫ్ తేదీగా పెట్టింది. ఆ తర్వాత భూమి పేర మారినవారిలో, పట్టాదారు మరణంతో వారసత్వంగా పొందినవారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. దానపత్రం రాయించుకునే తొందరలో ఉన్నవారు ఈ తేడా కూడా చూసుకోవాలి.

2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడు వారసులంతా కలిసి ఒప్పందం రాసుకుని వస్తేనే విరాసత్ అయ్యేది. ఒక్కరు మొండికేస్తే పని ఆగిపోయేది. భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది. దీని కింద వారసులకు నోటీసులిచ్చి తహసీల్దారు విచారణ జరుపుతారు. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీఓకు అప్పీలు చేసుకోవచ్చు. దారి కొంత సులువైంది. అయినా వారసుల్లో ఎవరికెంత అన్న తగాదా ముదిరితే చివరికి సివిల్ కోర్టే గతి. వీలునామా ఉంటే విచారణకు ఒక ఆధారం ఉంటుంది. లేకుంటే తలా ఒక మాట.

వీలునామా ఎలా రాయాలి?

చాలామంది అనుకున్నంత కష్టం కాదు. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు. మతిస్థిమితం ఉన్న, మైనారిటీ తీరిన ఎవరైనా రాయవచ్చు. చదువు రానివారు వేలిముద్ర వేయవచ్చు. కనీసం ఇద్దరు సాక్షులు, రాసిన మనిషి సంతకం చేయడం చూసి, ఆయన ఎదుటే తామూ సంతకాలు చేయాలి. ఇద్దరు సాక్షులు లేని వీలునామా చెల్లదు.

సాక్షులను ఎంచుకోవడంలో తెలివి ఉంది. ఆస్తి పొందబోయేవారిని, వారి భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. మీకన్నా వయసులో చిన్నవారిని, ఊళ్లోనే ఉండేవారిని పెట్టుకోండి. రేపు తగాదా వస్తే సాక్షుల్లో ఒక్కరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి. డెబ్బయ్యేళ్ల రైతు వీలునామాకు డెబ్బయి అయిదేళ్ల స్నేహితుడు సాక్షి అయితే అప్పటికి ఎవరుంటారు?

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ చేయించడమే మేలు. సబ్ రిజిస్ట్రారు ముందు మనిషి స్వయంగా ఒప్పుకుని వేలిముద్ర వేశాడంటే 'మా నాయిన రాయలేదు, దొంగ కాగితం' అన్న మాటకు బలం తగ్గుతుంది. వీలునామా రాసిన ఎన్నాళ్లకైనా రిజిస్టరు చేయించవచ్చు. మంచం పట్టినవారు దరఖాస్తు చేసుకుంటే సబ్ రిజిస్ట్రారు ఇంటికి వచ్చి రిజిస్టరు చేసే వీలు కూడా చట్టంలో ఉంది. బాగా వయసు మీరినవారు, జబ్బుతో ఉన్నవారు 'బుద్ధి స్థిమితంగా ఉంది' అని డాక్టరు దగ్గర అదే రోజు ధ్రువపత్రం తీసుకుని జతచేస్తే ఇంకా మంచిది.

రాసేటప్పుడు సర్వే నంబరు, బై నంబరు, ఎకరాలు గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు స్పష్టంగా ఉండాలి. 'పెద్ద చెలక పెద్దోడికి, మోట బావి కాడిది చిన్నోడికి' అంటే ఇంట్లోవారికి తెలుస్తుంది గానీ తహసీల్దారుకు తెలియదు. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయాలి. ఎవరికైనా తక్కువ ఇస్తే ఎందుకిచ్చారో ఒక మాట రాయండి. 'పెద్దవాడి చదువుకు, ఇల్లు కట్టుకోవడానికి ఇదివరకే ఇచ్చాను' అని ఉంటే కోర్టులో అనుమానం తగ్గుతుంది, ఇంట్లో కోపమూ తగ్గుతుంది. తేదీ వేసి, ప్రతి పేజీలో సంతకం పెట్టాలి. ఇంతకుముందు రాసినవి రద్దు చేస్తున్నానని ఒక వాక్యం చేర్చాలి. వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరిదే చెల్లుతుంది.

బోరు ఎవరిది? బాట ఎటు?

భూమి పంచడం కన్నా నీళ్లు పంచడం కష్టం. మూడెకరాలు ముగ్గురికి తలా ఎకరం అని రాస్తే పంపకం అయిపోయినట్టు కాదు. బోరు ఒక ఎకరంలోనే ఉంటుంది. ఆ ఎకరం వచ్చినవాడి పంట పండుతుంది, మిగతా ఇద్దరూ ఆకాశం చూడాలి. కోర్టుల దాకా వెళ్లే అన్నదమ్ముల తగాదాల్లో గెట్టు, బోరు, బాటే ఎక్కువగా వినిపిస్తాయి.

అందుకే వీలునామాలో గానీ, పంపకాల పత్రంలో గానీ ఇవి విడిగా రాయాలి. బోరు ఉమ్మడా, ఒకరిదా? ఉమ్మడైతే ఎవరికి ఏ రోజు, ఏ పూట వంతు? మోటారు కాలితే, స్టార్టరు పోతే ఖర్చు ఎవరు పెట్టాలి? కరెంటు సర్వీసు ఎవరి పేర ఉంటుంది? పైపులైను ఎవరి చేలోంచి పోతుంది? లోపలి ముక్కకు బండి, ట్రాక్టరు పోయే బాట ఎంత వెడల్పు, ఏ గెట్టు వెంట? బోరు ఎండిపోయి కొత్తది వేయాల్సి వస్తే ఎక్కడ వేయాలి? ఇవన్నీ రైతు ఒక్కడికే తెలుసు. కోర్టులో కూర్చున్నవారికి తెలియవు. ఒక ముసలి రైతు అరపూట ఆలోచించి రాసే పది వాక్యాలు ముగ్గురు కొడుకుల ఇరవయ్యేళ్ల కొట్లాట ఆపగలవు.

మరో సంగతి. ఎకరం కన్నా తక్కువ ముక్కలు చేస్తే ఎవరికీ సేద్యం గిట్టదు. పిల్లల్లో ఒకరే ఊళ్లో ఉండి దున్నుతూ, మిగతావారు పట్నంలో కొలువులు చేస్తుంటే, భూమి ఒకరికి ఇచ్చి మిగతావారికి ఇంటి స్థలం గానీ, డబ్బు గానీ, బంగారం గానీ ఇచ్చేటట్టు కుదుర్చుకోవచ్చు. దున్నేవాడు ఇన్నేళ్లలో ఇంత చెల్లించాలని రాసుకోవచ్చు. సమానం అంటే ప్రతి గుంటనూ ముక్కలు చేయడం కాదు.

బతికుండగానే రాసిచ్చేస్తే?

కొందరు పెద్దలు 'ఎట్లాగూ వాళ్లదే కదా' అని బతికుండగానే మొత్తం భూమి పిల్లల పేర దానపత్రం చేసేస్తారు. వీలునామాకూ దానపత్రానికీ తేడా చాలా పెద్దది. వీలునామా మీరు పోయాకే అమలవుతుంది. అంతవరకు భూమి మీదే, మనసు మారితే మార్చుకోవచ్చు. దానపత్రం రిజిస్టరయిన రోజే భూమి మీ చేయి దాటుతుంది. మీ ఇష్టం మేరకు వెనక్కి రాదు. పాస్‌పుస్తకం పోతుంది, పెట్టుబడి సాయం పోతుంది, కోడలి మాట తీరూ మారవచ్చు.

తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే ఒక జాగ్రత్త తీసుకోండి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై ఏళ్లు దాటినవారు తమను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, ఆ షరతు తప్పితే, ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ పత్రాన్ని రద్దు చేయమని అడగవచ్చు. కానీ అలాంటి షరతు ఉండాలి. దస్తావేజులో 'ప్రేమాభిమానాలతో ఇచ్చాను' అని మాత్రమే రాసి ఊరుకుంటే చిక్కే. తిండి, బట్ట, మందులు, ఉండటానికి గది చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. ఒక అర ఎకరమైనా ముసలి దంపతుల పేర ఉంచుకోవడం అంతకన్నా మేలు.

భార్యకు 'జీవితాంతం' అని రాస్తే

'నా తర్వాత నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తర్వాత కొడుకులకు చెందాలి' అని రాయడం మన దగ్గర వాడుక. మంచి ఉద్దేశమే. కానీ ఈ మాట చుట్టూ చాలా వ్యాజ్యాలు నడిచాయి. నెల్లూరు మునసబు కోర్టులో 1944లో ఒక వితంతువు మనోవర్తి కోసం వేసిన కేసు ఇందుకు పేరు మోసింది. ఆమె భర్త 1931లో చనిపోయాడు. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తిని జీవితాంతం అనుభవించమని ఇచ్చారు. ఆ తర్వాత ఆమె కొంత అమ్మితే, ఆ హక్కు ఆమెకు లేదని మళ్లీ దావా పడింది. మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆస్తి కాబట్టి 1956 చట్టంతో అది ఆమె సొంతమైందని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భర్త పోయిన 46 ఏళ్లకు తేలింది.

కాగితంలో వాడిన మాటను బట్టి తీర్పు ఇటూ అటూ అవుతుంది. కాబట్టి భార్యకు ఇవ్వదలిస్తే ఆమె వాటా ఆమెకు పూర్తి హక్కుతో ఇవ్వడం అన్నిటికన్నా తేలిక. షరతులు పెట్టాలనుకుంటే అనుభవం ఉన్న న్యాయవాది చేత రాయించండి.

వయసులో ఉన్నవారికీ ఇది పనికొస్తుంది. ముప్పయి అయిదేళ్ల రైతు అకస్మాత్తుగా పోతే చిన్నపిల్లలకూ వాటా వస్తుంది. మైనర్ల వాటా అమ్మాలన్నా, కుదువ పెట్టాలన్నా తల్లికి కోర్టు అనుమతి కావాలి. అప్పులవాళ్లు గుమ్మం ముందు కూర్చున్నప్పుడు ఆమె కోర్టు చుట్టూ తిరగాలి. స్వార్జితం భార్య పేర వీలునామా రాసి ఉంటే ఈ తిప్పలు తప్పుతాయి. పాము కాటు, పిడుగుపాటు, కరెంటు షాకు వయసు చూసి రావు కదా.

అప్పులు, నామినీలు

ఒక నోటుపుస్తకంలో అప్పుల చిట్టా రాసి పెట్టండి. సంఘంలో ఎంత, బ్యాంకులో ఎంత, బంగారం ఎక్కడ కుదువ పెట్టారు, ఎవరికి నోటు రాసిచ్చారు, ఎంత తీర్చారు, మీకు రావాల్సింది ఎవరి దగ్గర ఎంత. ఇది లేకపోతే తీరిన అప్పుకూ మళ్లీ డబ్బు అడిగేవారు వస్తారు. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. తమ సొంత కష్టార్జితం నుంచి కట్టాల్సిన పని లేదు. ఈ సంగతి ఆడవాళ్లకు తెలియక నగలు అమ్మి కడుతున్నారు.

బ్యాంకు ఖాతాలకు, రైతు బీమాకు నామినీ పేరు ఒకసారి చూసుకోండి. బీమా మొదలైనప్పుడు తల్లి పేరు రాయించి, ఆమె పోయాక మార్చుకోనివారు ఉంటారు. మీ ఊరి ఏఈఓ దగ్గరికి వెళ్లి మార్పించుకోవాలి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాలకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. అయితే బ్యాంకు డబ్బు నామినీ చేతికి వచ్చినంత మాత్రాన అది ఆ ఒక్కరి సొంతం కాదు. వారసుల హక్కు వారసులకే ఉంటుంది. అది ఎవరికి చెందాలో కూడా వీలునామాలో రాయవచ్చు.

మనిషి పోయిన తర్వాత

దుఃఖంలో ఉన్న ఇంటికి ఈ పనులు గుర్తు చేయడం బంధువుల బాధ్యత. 21 రోజుల్లోగా గ్రామ పంచాయతీలో మరణం నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. ఏఈఓకు వెంటనే చెప్పి రైతు బీమా కాగితాలు ఇవ్వాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టాలి. ఆ తర్వాత విరాసత్‌కు దరఖాస్తు చేయాలి. కర్మకాండ అయ్యాక అందరూ ఊళ్లో ఉన్నప్పుడే మాట్లాడుకోవడం మంచిది. ఎవరి పట్నం వారు వెళ్లిపోయాక మళ్లీ కలవడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పటికే తగాదాలో ఉన్నవారు లోక్ అదాలత్ దారి చూడండి. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

వీలునామా అనగానే 'నేనింక బతికే ఉన్న కదా, గప్పుడే పంపకాలేంది?' అని కసురుకునే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గదు. విత్తనం వేసే ముందే కోతల సంగతి ఆలోచించేవాడు రైతు. ఈసారి దసరాకు పిల్లలంతా ఇంటికి వచ్చినప్పుడు పెట్టె తీసి పాస్‌పుస్తకం, పాత దస్తావేజులు, అప్పుల చిట్టా మంచం మీద పరవండి. భార్యను పక్కన కూర్చోబెట్టుకోండి. కూతురిని కూడా పిలవండి. బోరు సంగతి, బాట సంగతి అందరి ముందూ చెప్పండి. ఆ మర్నాడు పొద్దున్నే పిల్లలతో కలిసి చేనికి వెళ్లి గెట్లు చూపించండి. తర్వాత కాగితం మీద పెట్టండి. మీ చెలక మాత్రం ఏ అదనుకూ బీడు పడదు.